వెనక సీటు చూసి బండి మాట్లాడు

శృంగవరపుకోట

చిరంజీవి మేనల్లుడికి,

డిసెంబరు సెలవులకు పిల్లలతో వస్తున్నామని, మా అక్కనీ బావగారినీ కూడా అరకు తిప్పుకొస్తానని రాశావు. సంతోషం. విశాఖలో సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుని నువ్వే నడుపుతానన్నావు, ఏ కారైతే నడపడానికి బాగుంటుందని అడిగావు. అమెరికాలో రాష్ట్రాలకు రాష్ట్రాలు దాటేస్తున్నవాడివి, నీ డ్రైవింగు మీద నాకే అనుమానమూ లేదు. కానీ నడిపేది ఒక్కడు, కూర్చునేది ఐదుగురు. మోకాళ్లు పట్టేసే మీ అమ్మకీ, నాలుగు మలుపులు తిరిగితే వాంతి చేసుకునే నీ చిన్న కూతురికీ ఏ బండి సరిపడుతుందో ముందు చూడు. మిగతా లెక్కలన్నీ దాని వెనకాలే వస్తాయి.

దారి సంగతి చెబుతాను. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. మా ఊరిదాకా మామూలు రోడ్డే. బొడ్డవర దాటాక ఘాట్ అందుకుంటుంది. సముద్రం ఒడ్డున బయల్దేరినవాళ్లు గాలికొండ దగ్గర 1,300 మీటర్ల ఎత్తుకు ఎక్కి, అక్కణ్ణుంచి 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉన్న అరకు లోయలోకి దిగుతారు. పిల్లలతో ఆగుతూ పోతే నాలుగు గంటలు పడుతుంది. చలికాలం పొద్దున్నే పొగమంచు, పగలు పర్యాటకుల బళ్ల బారులు.

మీరు ఆరుగురు, డ్రైవరుతో ఏడుగురు. ఎర్టిగా సరిపోతుందనే చెబుతారు. మనుషులకు సరిపోతుంది, సామానుకు సరిపోదు. మూడు వరసలూ మనుషులు కూర్చుంటే డిక్కీలో మిగిలేది 209 లీటర్ల చోటే. సీఎన్‌జీ బండైతే అందులో సిలిండరు కూడా కూర్చుంటుంది. పైన క్యారియరు మీద అమెరికా సూట్‌కేసులు కట్టించి ఘాట్ ఎక్కొద్దు, మలుపుల్లో బండి తూలుతుంది. పెద్ద పెట్టెలు విశాఖలోనే వదిలేసి, మనిషికో చేతిసంచి తెచ్చుకోండి. నా మాట వింటే నడి వరసలో విడివిడి సీట్లున్న ఇన్నోవా క్రిస్టా మాట్లాడు. డీజిల్ ఇంజను నిండా మనుషులతో, ఏసీ వేసుకుని కూడా ఆయాసపడకుండా ఎక్కుతుంది. నడి వరసలో ఒక సీటు అక్కకి, రెండోది చిన్నదానికి. కడుపులో తిప్పేవాళ్లని ఆఖరి వరసలో వెయ్యకూడదు, కుదుపంతా అక్కడే. బావగారు ముందు కూర్చుంటారు. వెనక మీ ఆలుమగలిద్దరూ పెద్దపిల్లా సర్దుకోండి, మీ వయసుకి ఫరవాలేదు.

చంటిపిల్లల సీటు ఇక్కడి టాక్సీల్లో సాధారణంగా ఉండదు. తెచ్చుకునేట్టయితే మామూలు సీటుబెల్టుతో బిగించే రకం తెచ్చుకో. మన టాక్సీల్లో వెనక సీటు బెల్టుల కొక్కేలు సీటు కవర్ల కింద దూరిపోయి ఉంటాయి. బయల్దేరకముందే అవి పైకి తీయించు. వెనక కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలన్నది చట్టమే.

ఇక స్టీరింగు. డ్రైవరుతో బండి తీసుకోమనే నా సలహా. విమానం దిగినవాడికి మధ్యాహ్నం వేళ నిద్ర ముంచుకొస్తుంది. అక్కడ నీకు అలవాటైంది కుడిపక్క రోడ్డు, ఇక్కడ ఎడమపక్క. బొర్రా గుహల మెట్ల దగ్గర మీ అమ్మ చెయ్యి పట్టుకోవలసినవాడివి నువ్వు, పార్కింగు వెతుక్కుంటూ తిరిగితే ఎలా? నేనే నడుపుతానంటావా, అమెరికా లైసెన్సుతో పాటు అంతర్జాతీయ పర్మిట్ అక్కడే తీసుకుని రా. సెల్ఫ్ డ్రైవ్ బండికి నల్ల ప్లేటు మీద పసుపు అంకెలుండాలి. డ్రైవరుతో తిప్పే టాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అంకెలు. సీజన్లో తెల్ల బోర్డు సొంతకార్లని చవగ్గా ఇస్తామనేవాళ్లు చాలామంది తగులుతారు. వాటి జోలికి పోకు. సొంత వాడకానికి చేసిన బీమా, అద్దెకు తిప్పుతూ ప్రమాదమైతే చెల్లదంటారు. అరకు దాటి ఒడిశాలో కోరాపుట్ వైపు వెళ్లే ఆలోచనుంటే బండికి ఆ రాష్ట్రం పర్మిట్ ఉందా అని కూడా ముందే అడగాలి.

అక్కకి ఇంకో దారి ఉంది. పొద్దున్న విశాఖలో కిరండూల్ రైలెక్కితే సొరంగాలు దాటుకుంటూ మధ్యాహ్నానికల్లా అరకు చేరుస్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960ల్లో వేసిన లైను అది. 2017లో అద్దాల పెట్టె కూడా తగిలించారు. పోయేటప్పుడు అక్కా బావగారూ పిల్లలూ మీరూ అంతా రైల్లో వెళ్లండి, బండి ఖాళీగా పైకి వచ్చి స్టేషను దగ్గర ఆగుతుంది. తిరుగు ప్రయాణం కార్లో. మలుపుల బాధ సగం తగ్గుతుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజే చేసెయ్యి.

బేరం దగ్గర మొహమాటం వద్దు. రానూపోనూ 230 కిలోమీటర్లు, బొర్రా, చాపరాయి కలిపితే 300 దాకా పోతుంది. రోజుకు మినిమం ఎన్ని కిలోమీటర్లు, పైన కిలోమీటరుకు ఎంత, డ్రైవరు బత్తా ఎంత, రాత్రి ఆగితే ఎంత, టోలూ పార్కింగూ ఎవరివి, మీటరు షెడ్డు నుంచా మీ ఇంటి నుంచా, ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకో. కటికి జలపాతానికి ఆ బండి పోదు, బొర్రా దగ్గర జీపు మాట్లాడుకోవాలి. ఆ ఖర్చు వేరు. డ్రైవరుకి పడక, భోజనం ఎక్కడో కూడా అడుగు. మంచులో రాత్రంతా సీట్లో ముడుచుకుని పడుకున్న మనిషి చేత తెల్లారి ఘాట్ దింపించకూడదు.

డ్రైవరుకి రెండు మాటలు ముందే చెప్పు. దిగేటప్పుడు న్యూట్రల్లో వదలొద్దు, ఎక్కిన గేర్లోనే దిగాలి. అస్తమానం బ్రేకు మీద కాలుంటే బ్రేకులు వేడెక్కి పట్టవు. రోడ్డు ఇరుకైన చోట ఎదురెక్కే బండికి దిగే బండే దారివ్వాలి. 2021 ఫిబ్రవరిలో ఇదే ఘాట్‌లో డముకు దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన పర్యాటకుల బస్సు, తిరుగు ప్రయాణంలో చీకటి పడే వేళ లోయలో పడి నలుగురు చనిపోయారు. భయపెట్టడానికి రాయలేదు. మధ్యాహ్నం భోజనం కాగానే అరకులో బయల్దేరితే వెలుతురుండగానే మా ఊళ్లో ఉంటారు. బొంగు చికెన్ కోసమో సంత కోసమో ఇంకో గంట ఉందామని పిల్లలు పేచీ పెడితే, ఆ రాత్రి అక్కడే ఉండిపోండి. గది అద్దె పోతే పోయింది.

ఇప్పుడు నాకు మూడు సంగతులు రాసి పంపు: ఏ తేదీలు, పెట్టెలెన్ని, ఎవరెవరికి వాంతుల బాధ. కావాలంటే బండి నేనే మాట్లాడి ఫొటో పంపిస్తాను, నంబరు ప్లేటు రంగు నువ్వే చూసుకో. తిరిగొచ్చేటప్పుడు రాత్రి భోజనం మా ఇంట్లోనే, అత్తయ్య ఇప్పటికే నిర్ణయించేసింది.

ఆశీస్సులతో,
మావయ్య