లూపులో లూపు: పైథాన్ భాషలో ఒక పాఠము

గ్రామ పంచాయతుల ప్రణాళికలను, జమాఖర్చులను కంప్యూటరుపై నమోదు చేయుటకై 2020 ఏప్రిల్ 24న ఇ-గ్రామ్‌స్వరాజ్ ప్రారంభింపబడినది. కంప్యూటరు తనంతట తాను లెక్క కట్టదు. మానవుడు వ్రాసి యిచ్చిన సూచనలనే వరుసగా పాటించును. ఆ సూచనల తీరు కొంత తెలిసినచో, అది చూపిన మొత్తము సరియైనదో కాదో సభ్యులు విచారింపగలుగుదురు.

అట్టి సూచనలు వ్రాయు భాషలలో పైథాన్ ఒకటి. హాలండు దేశీయుడగు గీడో వాన్ రోసమ్ దీనిని 1991లో వెలువరించెను. ఒకే పనిని పలుమారులు చేయించు సూచనకు ఇందు లూపు అని పేరు. ఒక లూపు లోపల మరియొక లూపును అమర్చవచ్చును.

ఒక గ్రామమున 3 వార్డులు, వార్డునకు 4 ఇండ్లు కలవనుకొందము. బిల్లు కలెక్టరు మొదటి వార్డులోని నాలుగిండ్లను వరుసగా చూచిన పిదపనే రెండవ వార్డునకు పోవును. అచ్చట మరల ఒకటవ ఇంటినుండి ఆరంభించును. వార్డులను మార్చునది వెలుపలి లూపు. ఇండ్లను మార్చునది లోపలి లూపు. వెలుపలిది ఒకసారి తిరుగునంతలో లోపలిది నాలుగుసార్లు తిరుగును. కావున చూచిన ఇండ్లు 3 × 4 = 12.

ఇంటికి 100 రూపాయల పన్ను చొప్పున ఈ లెక్క పైథానులో ఇట్లుండును. ఫర్, ఇన్, రేంజ్, ప్రింట్ అను మాటలను మాత్రము యంత్రముపై ఇంగ్లీషు లిపిలో వ్రాయవలెను.

మొత్తము = 0
ఫర్ వార్డు ఇన్ రేంజ్(1, 4):
    ఫర్ ఇల్లు ఇన్ రేంజ్(1, 5):
        మొత్తము = మొత్తము + 100
ప్రింట్(మొత్తము)

ఇందు రెండు విషయములు గమనింపదగినవి.

మొదటిది: రేంజ్‌లోని చివరి అంకె లెక్కలోనికి రాదు. 1, 4 అనగా 1, 2, 3 మాత్రమే. 4కు బదులు 3 వ్రాసినచో మూడవ వార్డు పూర్తిగా విడిచిపోవును.

రెండవది: ఎడమవైపున విడిచిన ఖాళీయే ఏ సూచన ఏ లూపునకు చెందినదో తెలుపును. మొదటి పంక్తి రెండు లూపులకును వెలుపల ఉన్నందున మొత్తము 1200 రూపాయలు వచ్చును. అదే పంక్తిని వెలుపలి లూపులో, లోపలి లూపునకు ముందుగా ఉంచినచో ప్రతి వార్డునకును లెక్క సున్నతో మొదలగును. తుదకు చివరి వార్డు పన్ను 400 మాత్రమే మిగులును. లోపలి లూపులో, కూడికకు ముందుగా ఉంచినచో చివరి ఇంటి పన్ను 100 మాత్రమే నిలుచును. యంత్రము మూడు విధములందును తప్పు చూపదు, చెప్పినట్లే చేయును. నష్టము మాత్రము గ్రామమునకు: మంచినీటికి, వీధి దీపములకు రావలసిన పన్ను లెక్కలోనే చేరకపోవును.

కావున పెద్ద లెక్కను అంగీకరించుటకు ముందు, రెండు మూడు వార్డులలో కొలదిపాటి ఇండ్లకు అదే లెక్కను కాగితముపై వేసి, యంత్రముతో సరిచూడుడు. రెండును కలిసిన పిదపనే గ్రామమంతటి మొత్తమును స్వీకరింపుడు.

అభ్యాసము: 5 వార్డులు, వార్డునకు 10 ఇండ్లు గల గ్రామమునకు వెలుపలి లూపులో రేంజ్(1, 5), లోపలి లూపులో రేంజ్(1, 11) అని వ్రాసినచో ఎన్ని ఇండ్లు విడిచిపోవును?

జవాబు: అయిదవ వార్డులోని 10 ఇండ్లు.