మ్యాచింగ్ చూడటం

చిరంజీవి అమ్మాయికి,

పిల్లలకు రంగులు కలపడం ఎక్కడినుంచి మొదలుపెట్టాలని అడిగావు. కలర్ వీల్ చార్టు నుంచి మాత్రం వద్దు. దాన్ని బట్టీపట్టిన పిల్లవాడు కూడా గడ్డివాము వెయ్యమంటే ఆలోచించకుండా పసుపు సీసా మూతే తీస్తాడు. చీరకు జాకెట్టు గుడ్డ కొనేటప్పుడు మీ అమ్మ రంగు పేరు చెప్పి తెచ్చుకోదు కదా! చీర చెంగును తానుకు ఆనించి, కొట్టు గుమ్మంలోకి తెచ్చి, పగటి వెలుతురులో చూస్తుంది. నువ్వు నేర్పాల్సిందీ అదే.

దానికి చిత్రకారుడు క్లోద్ మోనే గడ్డివాముల బొమ్మలు పెట్టుకో. ఫ్రాన్సులో జివెర్నీ దగ్గర 1890-91లో ఆ వాములను సుమారు పాతిక కాన్వాసుల మీద వేశాడు. వాము అదే, వెలుగు వేరు. కుంచె మచ్చలు విడివిడిగా ఉంటాయి గనుక పిల్లలు ఒక్కొక్కటీ ఏరి చూడగలరు. నున్నగా దిద్దేసిన బొమ్మలో ఆ వీలుండదు.

బూడిద రంగు అట్టముక్కకు బఠాణీ గింజంత కన్నం చేయించు. దాన్ని మోనే బొమ్మ ప్రింటు మీద పెడితే వామూ పొలమూ మాయమై ఒక్క రంగే మిగులుతుంది. ఆ రంగు కలిపి కన్నం అంచున పూయమను. ముందు లేతా, ముదురా అని అడుగు. అది కుదిరాకే ఎరుపు వైపా, నీలం వైపా అన్నది. ఎంత గాఢం అన్నది చివర. చాలామంది రెండోదానితో మొదలుపెట్టి బురద చేస్తారు. పోస్టర్ రంగు తడిమీద ఒకలా, ఆరాక ఇంకోలా ఉంటుంది. ఆరేదాకా తీర్పు చెప్పనివ్వకు.

అట్ట తీసేస్తే అసలు తమాషా. సరిగ్గా కుదిరిన రంగే పక్క రంగుల మధ్య వేరేగా కనిపిస్తుంది. పారిస్ గోబెలాన్ నేతశాలలో నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదు వస్తే, రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ తప్పు అద్దకానిది కాదు, పక్కనున్న రంగులదని తేల్చాడు. 1839లో దానిమీద పెద్ద పుస్తకమే వేశాడు. అందుకే అట్టతో ఆగిపోకూడదు, మచ్చను మచ్చ పక్కన పెట్టి చూడాలి.

అమెరికాలో ప్రొవిన్స్‌టౌన్ సముద్రతీరాన 1899లో చిత్రకళ బడి పెట్టిన చార్లెస్ హాథార్న్, మోడల్‌ను ఎండలో నిలబెట్టి విద్యార్థుల చేత పుట్టీ కత్తితో వేయించేవాడు. దాంతో కళ్లూ ముక్కూ దిద్దడం కుదరదు. వెలుగు మచ్చా, నీడ మచ్చా వెయ్యాల్సిందే. ఆయన శిష్యుడు హెన్రీ హెన్ష్ రంగు దిమ్మెలను ఎండలో పెట్టి వేయించాడు. నీకు దిమ్మెలెందుకు? అగ్గిపెట్టెలకు రంగు కాగితాలు అంటించి మేడమీద పెట్టు.

నీడ అనగానే పిల్లల చెయ్యి నలుపు మీదికి పోతుంది. మోనే ‘మాగ్‌పై’ చిత్రంలో మంచు మీది నీడలు నీలంగా ఉంటాయి, అది చూపించు. మొదటి నెలంతా నల్ల సీసా నీ దగ్గరే ఉంచుకో.

పూర్తయిన బొమ్మలు నాకు పంపకు. రంగులు పూసిన ఆ అట్టముక్కలు పంపు. ఎవరికి ఏది పట్టుబడలేదో వాటిలోనే తెలుస్తుంది.

మామయ్య