మందులకు చట్టం పెట్టిన మెట్లు



ఈ నెల గోడపత్రికకు నేను మందుల గురించి రాస్తున్నాను. జ్వరం బిళ్లనూ మందు అంటాం, గంజాయినీ మత్తుమందు అంటాం. ఒకటి షాపులో అడగ్గానే ఇస్తారు. రెండోది దగ్గరుంటే జైల్లో పెడతారు. ఎందుకలాగ? ఏ మందు వల్ల మేలు ఎంత, హాని ఎంత, అలవాటు పడిపోయే ప్రమాదం ఎంత అని చూసి చట్టం వాటిని మెట్లు మెట్లుగా పెట్టింది.

దీనికి ముఖ్యంగా రెండు చట్టాలు ఉన్నాయి. ఒకటి 1940లో వచ్చిన ఔషధాల చట్టం. రెండోది 1985లో వచ్చిన మాదక ద్రవ్యాల చట్టం. దీన్నే ఎన్.డి.పి.ఎస్. చట్టం అంటారు.

మొదటి మెట్టు: చీటీ అడగనివి. పారాసెటమాల్, ఓ.ఆర్.ఎస్. పొట్లం లాంటివి. అయినా పారాసెటమాల్ కూడా ఎక్కువ మింగితే కాలేయం పాడవుతుంది.

రెండో మెట్టు: షెడ్యూల్ హెచ్. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. అట్ట మీద ఎడమవైపు పైన ఆర్‌ఎక్స్ అనే గుర్తు ఉంటుంది.

మూడో మెట్టు: షెడ్యూల్ హెచ్1. ఇది 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎర్ర గీతల గడిలో హెచ్చరిక ఉంటుంది. కొన్ని పెద్ద యాంటీబయాటిక్స్, కొన్ని టీబీ మందులు, కొన్ని నిద్రమాత్రలు ఇందులో ఉన్నాయి. షాపువాళ్లు డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఇంత లెక్క ఎందుకంటే, ఇష్టం వచ్చినట్టు వాడినా, మధ్యలో మానేసినా క్రిములు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి.

నాలుగో మెట్టు: షెడ్యూల్ ఎక్స్. ఎర్రగా ఎక్స్‌ఆర్‌ఎక్స్ అని ఉంటుంది. చీటీ రెండు ప్రతులు రాయాలి. ఒకటి షాపులో రెండేళ్లు ఉంచాలి. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే కెటమిన్ ఇందులోదే.

ఐదో మెట్టు: మాదక ద్రవ్యాల చట్టం. నల్లమందు, గంజాయి, హెరాయిన్, కొకైన్ దీని కిందికి వస్తాయి. కొన్ని నిద్రమాత్రలు రెండు చట్టాల్లోనూ ఉన్నాయి. క్యాన్సర్ నొప్పికి ఇచ్చే మార్ఫిన్ కూడా ఐదో మెట్టులోదే. అది నల్లమందు నుంచే తీస్తారు. రోగులకు అది సులువుగా దొరకాలని 2014లో చట్టాన్ని సవరించారు. అంటే ఈ మెట్టు మీద ఉన్నవన్నీ చెడ్డవని కాదు. ఎవరు, ఎందుకు, ఎవరి అనుమతితో వాడుతున్నారన్నదే ప్రశ్న.

గంజాయి బరువు – శిక్ష

మన ఏజెన్సీ వాళ్లం ఇది తప్పకుండా తెలుసుకోవాలి.

1 కిలో వరకు: ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ.
1 కిలో దాటి 20 కిలోల వరకు: 10 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా.
20 కిలోలు దాటితే: 10 ఏళ్లకు తగ్గకుండా 20 ఏళ్ల వరకు జైలు, లక్షకు తగ్గకుండా జరిమానా. బెయిలు దొరకడమూ చాలా కష్టం.

20 కిలోలంటే ఎంత? మన మెస్‌కు వచ్చే 50 కిలోల బియ్యం బస్తాలో సగం కూడా కాదు.

మా ఊళ్లో నాకు వరసకు అన్న అయ్యే ఒకతను ఇప్పుడు జైల్లో ఉన్నాడు. అతను పండించలేదు, అమ్మలేదు. కింద నుంచి వచ్చినవాళ్లు ఈ సంచి రోడ్డు దాకా మోస్తే డబ్బులిస్తామన్నారు, మోశాడు. వాళ్లు దొరకలేదు, మోసినవాడు దొరికేడు. వదిన కూలికి పోతోంది. మోయడం కూడా చట్టంలో నేరమే. సంచి మన దగ్గర దొరికితే, అందులో ఏముందో నాకు తెలియదు అన్నంత మాత్రాన వదలరు. తెలియదని కోర్టులో మనమే రుజువు చేసుకోవాలి.

మనం చేయవలసినవి

1. సంతలో అట్ట కత్తిరించి ఇచ్చే బిళ్లలు కొనవద్దు. కత్తిరించిన ముక్కలో మందు పేరు, తేదీ, గుర్తు పోతాయి.
2. డాక్టరు చీటీ అంటే చట్టం ప్రకారం రిజిస్టరైన డాక్టరు రాసినది. ఊళ్లో మనం ఆర్.ఎం.పి. అని పిలిచే ఆయన రాసినది చెల్లదు.
3. టీబీ మందు డాక్టరు చెప్పినన్నాళ్లు వాడించాలి. తగ్గిందని మానెయ్యకూడదు.
4. ఎవరి సంచీ మోయకూడదు, అందులో ఏముందో చూడకుండా.

మా అమ్మకు కువి భాష వచ్చు, తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. అట్ట మీద అక్షరాలు ఆమెకు కనిపిస్తాయి, చెప్పవు. మనలో చాలామంది ఇళ్లలో అంతే. కాబట్టి పండగ సెలవులకు వెళ్లినప్పుడు ఇంట్లో చూరులో దోపిన మందుల అట్టలన్నీ తీసి, ఏది ఏ మెట్టుదో చదివి చెప్పండి. సంచి బరువు లెక్క అన్నదమ్ములకు కూడా చెప్పండి.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని