ఆయుధాలు దించేసి కాపురం పెట్టే క్రిమి

సూడోమొనాస్ ఏరుగినోసా మట్టిలో, నీటిలో, చేతులు కడుక్కునే సింకు గొట్టంలో కూడా బతికే బ్యాక్టీరియా. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల్లోకి వెళ్తే శ్వాసనాళాలు దాన్ని తెమడతో పాటు బయటికి నెట్టేస్తాయి. పుట్టుకతో వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లలో ఆ పని సాగదు. సీఎఫ్‌టీఆర్ అనే జన్యువులో లోపం వల్ల వాళ్ల కఫం చిక్కబడి, పేరుకుపోతుంది. అక్కడ దిగిన క్రిమి ఏళ్ల తరబడి ఉండిపోయి, ఉన్నచోటికి తగ్గట్టు మారిపోతుంది. రోగుల కఫంలోంచి తీసిన క్రిములను కోపెన్‌హాగెన్‌లో 1973 నుంచీ భద్రపరిచారు కాబట్టే ఈ మార్పులను వరసగా చదవగలుగుతున్నాం.

మొదట వచ్చేది బయటి ప్రపంచపు క్రిమే. ఈదడానికి తోకలాంటి కశాభం ఉంటుంది, కణాలను దెబ్బతీసే విషాలుంటాయి. యాంటీబయాటిక్స్‌కు చాలావరకు లొంగుతుంది.

తర్వాత వదులుకోవడం మొదలవుతుంది. కశాభంలోని ప్రొటీన్‌ను మన రోగనిరోధక వ్యవస్థ ఇట్టే గుర్తుపడుతుంది. అందుకే కశాభం చేయలేని క్రిములు తప్పించుకుని మిగులుతాయి. పైపొరలో మన ప్రతిరక్షకాలు పట్టుకునే చక్కెర గొలుసులూ చాలావాటిలో పోతాయి. లాస్‌ఆర్ అనే జన్యువు కూడా తరచూ పాడవుతుంది. చుట్టుపక్కల తనలాంటి క్రిములు ఎన్ని ఉన్నాయో పసిగట్టి, అందరూ కలిసి ఎంజైములు వదిలేలా చేసేది ఈ జన్యువే. కఫంలో అమైనో ఆమ్లాలు పుష్కలం, కాబట్టి ఆ ఖర్చు అక్కడ దండగ. సియాటిల్ పరిశోధకులు 2006లో ఒకే రోగి నుంచి ఆరు నెలల వయసులోనూ, ఎనిమిదేళ్ల వయసులోనూ తీసిన క్రిముల జన్యుపటాలను పోల్చితే 68 మార్పులు కనిపించాయి. దాడికి పనికొచ్చే జన్యువులు చెడిపోవడమే వాటిలో కొట్టొచ్చినట్టు కనిపించింది. దీర్ఘకాలం ఉండే క్రిమి అంతకంతకూ క్రూరంగా తయారవుతుందని మనం ఊహిస్తాం. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు.

అన్నిటికంటే ముఖ్యమైన మలుపు మ్యూక్‌ఏ అనే జన్యువు దగ్గర వస్తుంది. అది ఒక బ్రేకు. ఒక్క అక్షరం జారిపోయినా బ్రేకు ఊడి, క్రిమి ఆల్జినేట్ అనే జిగురును ఆగకుండా తయారుచేస్తుంది. ప్రయోగశాలలో దాని కాలనీలు నిగనిగలాడుతూ జారుతున్నట్టు ఉంటాయి. ఆ జిగురు కప్పుకున్న క్రిమిని తెల్లరక్తకణాలు మింగలేవు. అవి కోపంతో వదిలే రసాయనాలు ఊపిరితిత్తినే తినేస్తాయి. రోగి శ్వాస తగ్గిపోవడం ఈ దశలోనే వేగం అందుకుంటుంది.

కొన్ని క్రిముల్లో మ్యూట్‌ఎస్ లాంటి జన్యువులు పాడవుతాయి. డీఎన్‌ఏ నకలులో తప్పులు దిద్దేవి అవే. దిద్దేవాళ్లు లేకపోతే మ్యుటేషన్లు వందల రెట్లు పెరుగుతాయి. 2000లో స్పెయిన్ పరిశోధకులు 30 మంది సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులను చూస్తే 36 శాతం మందిలో ఇలాంటి క్రిములు దొరికాయి. తాత్కాలికంగా ఇన్ఫెక్షన్ వచ్చిన 75 మందిలో ఒక్కరిలోనూ లేవు.

ఇక మందులను తట్టుకునే దశ. మెక్స్‌జెడ్ అనే జన్యువు చెడితే, లోపలికొచ్చిన యాంటీబయాటిక్‌ను తోడి బయటపోసే పంపులు పెరుగుతాయి. ఈ వరస అందరిలో ఒకటే కాదు, ఏ మెట్టు ముందొస్తుందో రోగిని బట్టి మారుతుంది. పైగా ఒకే ఊపిరితిత్తిలోనూ క్రిమి ఒక్కో మూల ఒక్కో తీరుగా మారుతుంది. అందుకే ప్లేటు మీద ఒకటి రెండు కాలనీలే ఏరి, వాటికి పనిచేసిన మందునే రాస్తే లోపలున్న మిగతావాటి సంగతి తెలియకుండా పోతుంది. చికిత్స ఫలించకపోతే రోగి సరిగా వాడలేదని నిందించే ముందు వైద్యులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కశాభం ఇంకా ఉన్న తొలిదశే వైద్యుడికి అనుకూలమైన సమయం. అందుకే సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లలకు దగ్గు, జ్వరం లేకపోయినా కొన్ని నెలలకోసారి కఫం గానీ, గొంతులోంచి తీసిన నమూనా గానీ పరీక్షిస్తారు. క్రిమి మొదటిసారి కనబడగానే, పీల్చే టోబ్రామైసిన్‌ను 28 రోజులు ఇస్తే ఎక్కువమందిలో అది కనుమరుగవుతుంది. జిగురు దశకు చేరాక అదే మందు క్రిముల సంఖ్యను తగ్గిస్తుంది గానీ, పూర్తిగా తొలగించడం అరుదు.