చిన్న కారునకు తగిన టైరు

టైరు కొనువారు సాధారణముగా వెలను చూతురు. ముందుగా టైరు ప్రక్కనున్న అంకెలను చదువవలయునని మేము చెప్పుదుము.

1983లో వెలువడి 2014లో తయారీ నిలిచిపోయిన మారుతి 800 కారును ఉదాహరణముగా గైకొందము. అట్టి పెక్కు కార్ల టైర్లపై 145/70 ఆర్ 12 అని యుండును. 145 మిల్లీమీటర్లు టైరు వెడల్పు. ప్రక్కగోడ యెత్తు అందులో నూటికి 70 వంతులు, అనగా 101.5 మి.మీ. 'ఆర్' అనునది రేడియల్ టైరని తెలుపును. 12 అంగుళములు, అనగా 304.8 మి.మీ., రిమ్ము వ్యాసము. దీనికి రెండు ప్రక్కగోడల యెత్తు 203 మి.మీ. కలుపగా చక్రము మొత్తము వ్యాసము సుమారు 508 మి.మీ. అగును.

ఇదే రిమ్మునకు 145/80 టైరు తొడిగినచో వ్యాసము 537 మి.మీ. అగును. స్పీడోమీటరు చక్రపు చుట్లను బట్టియే వేగమును చూపును గనుక, సరియైన టైరుతో 60 చూపవలసిన చుట్లకు కారు 63 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవుచుండును. నడుపువాడు దానిని గుర్తింపలేడు. మరియు మలుపులలో టైరు మడ్‌గార్డును రాచుకొనవచ్చును.

రిమ్ము మార్చునప్పుడు బోల్టు రంధ్రముల సంఖ్యయు, వాని నడిమి దూరములును సరిచూడవలయును. సరిపడని రిమ్మును బలవంతముగా బిగింపరాదు. టైరు మోయగల బరువును, ఓర్వగల వేగమును కారు తయారుచేసినవారు విధించిన దానికి తగ్గరాదు.

బాలబాలికలారా! ఇంట కారున్నచో నేడే యీ లెక్క కట్టి తలిదండ్రులకు చూపుడు. గణితము ప్రాణరక్షణకును పనికివచ్చును.