నల్లమల రైలులో నిష్పత్తి పాఠం



శ్రీశైలానికి రైలు మార్గం లేదు. రైల్లో వచ్చేవారు మార్కాపురం రోడ్డులోనో, నంద్యాలలోనో దిగి బస్సెక్కుతారు. ఈ రెండు స్టేషన్ల మధ్య రైలు నల్లమల అడవిని దాటుతుంది. ఈసారి మీ పిల్లలను గిద్దలూరు నుంచి నంద్యాలకు పగటి రైల్లో తీసుకెళ్లండి.

19వ శతాబ్దం చివర్లో మీటర్ గేజ్‌గా వేసిన దారి ఇది. అప్పట్లో రైలు దొరబావి వంతెన మీదుగా లోయ దాటేది. 1990లలో బ్రాడ్ గేజ్ వచ్చాక దారి మారింది, వంతెన వాడుకలో లేకుండా పోయింది.

ఉక్కు పట్టాపై ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. అందుకే రైలు బస్సులా ఏటవాలు ఎక్కలేదు. సొరంగాలు తొలిచి, వంపులు తిప్పి వాలు తగ్గిస్తారు.

పిల్లలతో చేయించండి:

1. పట్టాల పక్కన వాలును తెలిపే పలకలు ఉంటాయి. 100 అని ఉంటే, 100 మీటర్లకు 1 మీటరు ఎత్తు తేడా అని అర్థం. 80, 150లలో ఏది ఎక్కువ వాలు? చాలామంది పిల్లలు 150 అంటారు. సరైన జవాబు 80. తప్పు చెబితే కోప్పడకండి, బొమ్మ గీయించండి.

2. ఒక కిలోమీటరు రాయి నుంచి తర్వాతి రాయికి పట్టిన సెకన్లతో 3,600ను భాగించాలి. 90 సెకన్లు పడితే వేగం గంటకు 40 కిలోమీటర్లు.

తలుపు దగ్గర నిలబడనివ్వకండి. ప్లాస్టిక్ కవర్లు అడవిలో పడేయనివ్వకండి. లెక్కలు రాసిన నోటుబుక్కును టీచరుకు చూపించమనండి.