పొత్తికడుపు నొప్పి – ఎవరి మాట చెల్లాలి?

ఆరు నెలలకు మించి పొత్తికడుపులో వదలకుండా వేధించే నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలిక కటి నొప్పి అంటుంది. మన ఇళ్లలో దీనికింత పెద్ద పేరు లేదు. "ఆడవాళ్లకు ఇవి మామూలే" అని సరిపెట్టేస్తాం. నాచారం పారిశ్రామికవాడకు ఉప్పల్ వైపు నుంచి రోజూ పనికి వెళ్లే స్త్రీలను చూస్తుంటాను కనుక, ఈ విషయం నలుగురి ముందు పెట్టాలనిపించింది.

ఈ నొప్పికి కారణాలు అనేకం. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్, పాత ఇన్ఫెక్షన్లు, క్షయ, మూత్రాశయ వ్యాధులు, పేగుల ఇబ్బంది, కటి కండరాలు బిగుసుకుపోవడం – వీటిలో రెండు మూడు కలిసి ఉండటమూ కద్దు. ఒక్కోసారి ఎంత వెతికినా కారణం దొరకదు. చికిత్సలూ అలాగే పలు రకాలు: నొప్పి మాత్రలు, హార్మోను మాత్రలు, ఫిజియోథెరపీ, లాపరోస్కోపీ, చివరకు గర్భసంచి తొలగింపు. మరి ఏది మంచిది?

ఇద్దరు స్త్రీలను ఊహించుకుందాం. ఇద్దరిదీ ఎండోమెట్రియోసిసే. మొదటామె ఉప్పల్‌లో కొత్తగా కాపురం పెట్టింది; పిల్లలు కావాలి. హార్మోను మాత్రలు నొప్పి తగ్గిస్తాయి గాని, వాడినన్నాళ్లూ సాధారణంగా గర్భం రానివ్వవు. రెండో ఆమెకు ఇద్దరు పిల్లలు. నాచారంలో నిలబడి ప్యాకింగ్ పని చేస్తుంది. షిఫ్టు పూర్తి చేయగలిగితే చాలునంటుంది. ఈఎస్ఐ బీమా ఉన్నవారికి, నిబంధనల ప్రకారం, ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అనారోగ్య భృతి ఉంది. నాచారంలోనే ఈఎస్ఐ ఆసుపత్రీ ఉంది. బీమాలో పేరులేని దినకూలీకి మాత్రం "ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు విశ్రాంతి" అంటే పస్తులే. జబ్బు ఒకటే అయినా ఈ ఇద్దరికీ ఒకే చీటీ ఎలా రాస్తాం?

మన ప్రాంతంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం కాగా, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. చెప్పిన కారణాలలో అధిక రక్తస్రావం, నెలసరి నొప్పి ముందున్నాయి. "పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకు?" అనేస్తారు. తీసేసినా కొందరికి నొప్పి మిగులుతుందనీ, అండాశయాలు కూడా తీస్తే అకాలంలో ముట్లుడిగి ఎముకలు బలహీనపడతాయనీ ముందుగా చెప్పేవారేరీ?

చట్టం ఈ సంగతి స్పష్టంగానే చెప్పింది. పరీక్ష కోసం లాపరోస్కోపీకి ఒప్పుకున్న సమీరా కోహ్లీకి, మత్తులో ఉండగా, తల్లి అంగీకారంతో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఆ అంగీకారం చెల్లదన్నది. ప్రాణాపాయం లేనప్పుడు స్పృహ వచ్చేదాకా ఆగి రోగినే అడగాలి.

అయితే ఏమడగాలి? నొప్పి వల్ల ఏ పని ఆగిపోయింది? పిల్లలు కావాలా? ఏ దుష్ఫలితం భరించగలరు, ఏది భరించలేరు? ఎన్నాళ్లు పని మానగలరు? ఇవి భర్త, అత్తగారు బయట కూర్చున్నప్పుడు అడగవలసినవి. కొందరు "మీరే చెప్పండి డాక్టరమ్మా" అంటారు. అదీ వారి ఇష్టమే. కాని అన్నీ విన్నాక అన్నదై ఉండాలి.

మనలో చాలామందిమి వైద్యవిద్యార్థులం కాము. అయినా అమ్మనో అక్కనో ఆసుపత్రికి తీసుకువెళ్లేది మనమే. అడగవలసినవి కాగితం మీద రాసిద్దాం. జవాబులు మాత్రం ఆమెనే చెప్పనిద్దాం.